చౌడెక్కిన గోడ: పాత ఎగుడుదిగుడు గోడల్ని తక్కువ ఖర్చులో బాగు చేసుకోవడం ఎలా?



ఎప్పుడూ జీవామృతం, కషాయాలు, దేశీ వరి గురించి మాట్లాడేవాడు ఈసారి గోడల మీద పడ్డాడేంటి అనుకోకండి. ఒక గోడ వల్ల నా విత్తనం పోయింది. విత్తనంతో పాటు నా మాట కూడా పోయేదే. అందుకే ఇది చెప్పాలి. పైన వీడియోలో పని ఎలా చేశామో చూడొచ్చు. కొలతలు, కారణాలు, నేను చేసిన తప్పులు ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మాది బూర్గంపాడు వైపు, అడవి అంచు పల్లె. మా తాత కట్టిన పెంకుటిల్లు ఇంకా ఉంది. మోకాలెత్తు వరకు రాతికట్టు, దాని పైన మూరెడు మందం మట్టిగోడ, లోపల సున్నం పూత. పదేళ్ళుగా దాంట్లో ఒక గదిని విత్తనాల గదిగా వాడుతున్నాం. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది కదా, 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్ళీ అదే. మా అరుగు దాకా వచ్చి రెండు రోజులుండి పోయింది. గోడ నిలబడింది గానీ కింద పూత ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. గోడంతా ఎగుడుదిగుడు. ఆ ఏడాది చివర్లో ఒక మేస్త్రిని పిలిచి, ఆ గది వెనక గోడకు, పక్క గోడకు కింద నాలుగు అడుగుల వరకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించి, పైన లప్పం పెట్టించాను. చూడ్డానికి అద్దంలా ఉంది. మా నాన్న కూడా బాగుందన్నాడు.

2023 జూన్‌లో దమ్మపేట వైపు ఒక పెద్ద రైతు ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నారు పోసి పది రోజులైంది. సగం కూడా లేవలేదు. నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని మూడుసార్లు చూసుకున్నా. నీ విత్తనమే ఒకసారి చూసుకో" అన్నాడు. కోపంగా అనలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. బహురూపి విత్తనం, నా దగ్గర తొమ్మిది మంది కొన్నారు. వెంటనే మిగిలిన సంచుల్లోంచి వంద గింజలు వంద గింజలు తీసి తడిగుడ్డలో కట్టి చూశాను. గది మధ్యలో చెక్కల మీద పెట్టిన సంచిలో 87 మొలిచాయి. వెనక గోడకి ఆనించి పెట్టిన సంచుల్లో 54. ధ్రువీకరణ విత్తనం అంటే వరిలో కనీసం 80 శాతం మొలక ఉండాలి, తేమ 13 శాతం దాటకూడదు. డిప్లొమాలో ఇది చదివి పరీక్ష రాసినవాణ్ణి. అమ్మే ముందు ఒక్కో సంచి చూసుకోకపోవడం పూర్తిగా నా తప్పు. అదను దాటనివాళ్ళకు మంచి సంచిలోంచి మళ్ళీ విత్తనం ఇచ్చాను, దాటినవాళ్ళకు డబ్బు తిరిగిచ్చాను.

తర్వాత ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. నాలుగు అడుగుల వరకు సిమెంటు పొడిగానే ఉంది. దానిపైన, పాత సున్నం పూత మొదలయ్యే చోట, గోడ చల్లగా, మెత్తగా ఉంది. దాని మీద తెల్లగా దూదిలాంటి పొర. మా ఊళ్ళో దాన్ని చూసి ఎవరైనా ఒకటే మాట అంటారు: "గోడ చౌడెక్కింది."

పొలం చౌడు, గోడ చౌడు ఒకటే

ఈ మాట మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. పొలంలో చౌడు ఎలా వస్తుంది? మురుగు పోయే దారి లేని చోట భూమి లోపలి నీరు సన్నటి సందుల గుండా పైకి పాకుతుంది. ఎండకి నీరు ఆవిరైపోతుంది, నీటిలో కరిగిన లవణాలు పైన మిగిలిపోతాయి. గోడలోనూ అదే జరుగుతుంది. పునాది కింద తడి మట్టిలోంచి, రాతికట్టు సందుల్లోంచి పైకి పాకుతుంది. పైపూత గాలి ఆడనిచ్చేదైతే (మట్టి గానీ, సున్నం గానీ) ఆ తడి అడుగున్నర, రెండడుగుల లోపే ఆవిరైపోతుంది. మనం సిమెంటుతో ఆ దారి మూసేస్తే నీరు ఆగదు. సిమెంటు వెనకాలే ఇంకా పైకి ఎక్కి, సిమెంటు అయిపోయిన చోట బయటికి వస్తుంది. లోపల మట్టి మాత్రం ఎప్పుడూ పచ్చిగానే ఉంటుంది.

ఇది మన దగ్గరే కాదు. ఇంగ్లండ్‌లో డెవన్ ప్రాంతంలో మట్టి, గడ్డి కలిపి కట్టిన పాత ఇళ్ళు చాలా ఉన్నాయి, ఆ గోడల్ని వాళ్ళు కాబ్ అంటారు. గట్టిగా ఉంటుందని వాటికి సిమెంటు పూత వేస్తే, లోపల తడి చేరి మట్టి మెత్తబడి గోడలే కూలిన సందర్భాలున్నాయి. మన హైదరాబాదులో చార్మినార్ 1591 నాటిది, దాని మీదున్నది సున్నపు గచ్చు. 2019లో ఒక మినార్ నుంచి పెచ్చు ఊడిపడినప్పుడు పురావస్తు శాఖవాళ్ళు మళ్ళీ సున్నంతోనే బాగు చేశారు. సిమెంటు దొరకక కాదు. పాత గోడ మీద వేసే పూత ఆ గోడ కంటే మెత్తగా ఉండాలి, దానిలాగే తడిని వదలాలి. మొత్తం పనిలో గుర్తుపెట్టుకోవాల్సిన సూత్రం ఇదొక్కటే.

మొదటి పని: మీది ఏ గోడో తెలుసుకోండి

పెచ్చు ఊడిన చోట మేకుతో గీకండి. గీకిన ముక్కని గ్లాసు నీళ్ళలో వేయండి.

- నీళ్ళలో విడిపోయి బురదైతే అది మట్టి.
- మేకుకి తెల్లటి పొడి రాలి, నీళ్ళలో ముక్క ముక్కగానే ఉంటే సున్నం.
- బూడిదరంగులో ఉండి మేకుకి గీత కూడా సరిగా పడకపోతే సిమెంటు.

పూత ఒకటి, లోపలి గోడ ఇంకొకటి కావచ్చు. అందుకని పూత వెనక ఉన్నదాన్ని కూడా చూడండి. మట్టిగోడ, లేదా మట్టితోనో సున్నంతోనో కట్టిన ఇటుక, రాతి గోడ అయితే కింద చెప్పే పద్ధతి మొత్తం మీకే. సిమెంటుతో కట్టిన ఇటుక గోడ అయితే పద్ధతి వేరు, చివర్లో చెప్తాను.

ఒక జాగ్రత్త. గోడ పొట్ట ఉబ్బినట్టు బయటికి వచ్చినా, వేలు దూరేంత పగులు ఉన్నా, అది పూతతో పోయే జబ్బు కాదు. ముందు అనుభవం ఉన్న మేస్త్రికో ఇంజనీరుకో చూపించండి.

రెండో పని: తడి ఎక్కడిదో పట్టుకోండి

ఒక జానెడు పాలిథిన్ కాగితాన్ని గోడకి నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి ఒక రోజు వదిలేయండి. కాగితం వెనక, అంటే గోడ వైపు, నీటి చుక్కలుంటే తడి గోడలోంచి వస్తోంది. ముందువైపు చెమ్మ ఉంటే అది గదిలోని గాలి తేమ, కిటికీ తెరిస్తే సగం పని అవుతుంది. మా గోడకి వెనకవైపే చుక్కలు. అదీ నడి ఎండాకాలం దాటాక.

అంతవరకు నేను తప్పంతా గోదావరి మీద వేశాను. వరద పోయి ఏడాదైంది, మధ్యలో ఒక ఎండాకాలం పోయింది, ఇంకా తడేంటి అని గోడ వెనక్కి వెళ్ళి చూశాను. అక్కడ నా అరటి మడి ఉంది. మీలో చాలామంది దాన్ని పాత వీడియోల్లో చూసే ఉంటారు. గోడకి ఆనించి అరటి, మధ్యలో పసుపు, జానెడు మందం గడ్డి ఆచ్ఛాదన, స్నానాల గది నీళ్ళు మొత్తం దానికే. "చూడండి, ఎండాకాలంలో కూడా ఆచ్ఛాదన ఎత్తితే మట్టి ఎంత పదునుగా ఉందో" అని పిడికిలి పట్టి చూపించింది నేనే. ఆ పదునే గోడలోకి ఎక్కింది. పొలానికి మంచి చేసే పని ఇంటి గోడకి చెడు చేస్తుందని తట్టనే లేదు.

మడిని గోడ నుంచి ఆరడుగుల అవతలికి మార్చాను. స్నానాల గది నీళ్ళకు పైపు పెట్టి అక్కడికి తిప్పాను. గోడ పక్కన మట్టి ఏళ్ళ తరబడి పేరుకుని రాతికట్టు సగం కప్పేసింది, దాన్ని తీసి వాలు బయటికి ఉండేలా సర్దాం. ఇక్కడ గుర్తుపెట్టుకోండి, పైన పేరుకున్న మట్టి మాత్రమే తీయాలి. గోడ మొదట్లో లోతుగా తవ్వితే పునాది కదులుతుంది. చూరు నీళ్ళు గోడ మొదట్లో పడుతుంటే చూరు పొడిగించుకోండి, లేదా నీళ్ళు పడే చోట వాలుగా రాళ్ళు పరవండి. ఈ పనులు చేయకుండా లోపల ఎంత ఖరీదైన పూత వేసినా డబ్బు గోడకి పోసినట్టే.

మూడో పని: ఊడదీయడం, ఆరబెట్టడం

2024 సంక్రాంతి వెళ్ళాక సిమెంటు తీయించాం. సన్న ఉలి, చిన్న సుత్తి చాలు. పెద్ద సమ్మెటతో కొడితే మట్టి గోడ లోపల అదురుతుంది. గోడని వేలి కణుపుతో తడుతూ పోండి, కుండ మోగినట్టు డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. అంతవరకే ఊడదీయాలి. గట్టిగా పట్టుకుని ఉన్న పాత సున్నం పూతని ముట్టుకోవద్దు, అది మన తాతలు ఉచితంగా వదిలి వెళ్ళిన పని. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, కళ్ళకి అద్దాలు పెట్టుకోండి.

సిమెంటు ఊడుతూ ఊడుతూ కంచమంత మట్టిబెడ్డల్ని కూడా పట్టుకొచ్చింది. వెనక మట్టి ఎలా ఉందంటే, దుక్కికి వచ్చిన నేలలా ఉంది. చేత్తో ముద్ద కట్టొచ్చు.

చౌడు పొరని పొడి చీపురుతో, పొడి బ్రష్‌తో దులిపి, ఆ పొడిని చేటలోకి ఎత్తి బయట పారేయండి. నీళ్ళతో కడిగితే లవణం కరిగి మళ్ళీ గోడలోకే పోతుంది. వారం తర్వాత మళ్ళీ పొర వస్తుంది, మళ్ళీ దులపండి. మేము అలా ఐదుసార్లు దులిపాం. ప్రతిసారీ తగ్గుతూ వచ్చింది. కిటికీలు తెరిచి ఫిబ్రవరి మొత్తం, మార్చి సగం వరకు గోడని అలాగే వదిలేశాం. పాలిథిన్ కాగితం పరీక్షలో చుక్కలు రానప్పుడే పూత మొదలుపెట్టాం. ఈ పనిలో అన్నిటికంటే కష్టమైనది ఏమీ చేయకుండా ఆ రెండు నెలలు ఆగడమే.

నాలుగో పని: మట్టి ఎంపిక

ఇక్కడ రైతుకి ఎవరూ నేర్పక్కర్లేదు. నల్లరేగడి వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. వేసవిలో మీ పత్తి చేను ఎలా పగులుతుందో గోడా అలాగే పగులుతుంది. ఎర్ర చెలక మట్టి, పుట్టమన్ను మంచివి. పైన ఆకు, వేళ్ళు ఉన్న మట్టిని పక్కకి తీసి, మూరెడు లోతు నుంచి తీసుకోండి. పైమట్టి సేంద్రియ పదార్థంతో బతికే పంటకి కావాలి, గోడకి కాదు.

ఒక గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్ళు, చెంచాడు ఉప్పు వేసి బాగా కలిపి కదలకుండా పెట్టండి. ఒకటి రెండు నిమిషాల్లో ఇసుక అడుగున దిగుతుంది. రెండు మూడు గంటల్లో దాని మీద ఒండ్రు పొర. మర్నాటికి అన్నిటికంటే పైన బంకమట్టి. పూతకి మొత్తం మిశ్రమంలో బంకమట్టి ఐదో వంతు నుంచి నాలుగో వంతు లోపు ఉంటే బాగుంటుంది. ఎక్కువైతే పగులుతుంది, తక్కువైతే రాలుతుంది.

లెక్క కంటే గోడ చెప్పేదే నిజం. అందుకే మేము గోడ మీదే అడుగు చదరంలో మూడు మచ్చలు వేసి చూశాం. మట్టి ఒక పాలుకి ఇసుక ఒకటి, రెండు, మూడు పాళ్ళు. నాలుగు రోజులకి మొదటిది సన్న నెర్రెలిచ్చింది. మూడోది అరచేత్తో రుద్దితే రాలింది. రెండోది నిలిచింది. మీ మట్టికి మీ లెక్క వేరే రావచ్చు, తప్పకుండా మచ్చలు వేసి చూడండి.

మట్టిని జల్లించి, అంగుళం పొడవు నరికిన వరిగడ్డి, కొంచెం ఊక కలిపి, నీళ్ళు పోసి తొక్కి, పైన గోనె కప్పి పది రోజులు మాగబెట్టాం. రోజు విడిచి రోజు తొక్కాలి. గడ్డి మెత్తబడి మట్టితో జిగురుగా కలిసిపోతుంది. నాటు ఆవు పేడ పూత వేసే ముందు రోజు కలిపాం, బొచ్చె మట్టికి గుప్పెడు మించకుండా. గడ్డి చేసే పని ఏమిటంటే, ఆరేటప్పుడు వచ్చే లాగుడుని పంచుకుని పెద్ద నెర్రె పడకుండా పట్టుకుంటుంది.

ఐదో పని: గుంటలు పూడ్చడం

గోడ మీద ఎత్తుపల్లాలు పగలు సరిగా కనపడవు. రాత్రి లైటు ఆపి, టార్చిని గోడకి ఆనించి పక్కనుంచి వెలుగు వేయండి. గుంటల నీడలన్నీ బయటపడతాయి. పైనుంచి కిందకి, అడ్డంగా పురికొస లాగి పట్టుకుంటే ఎక్కడ ఎంత లోతో తెలుస్తుంది. మా గోడలో రెండు చోట్ల రెండంగుళాల గుంటలు, మిగతావి అరంగుళం, అంగుళం.

ఈ పనికి పక్క గూడెం నుంచి ఇద్దరు కోయ ఆడవాళ్ళని పిలిచాం. వాళ్ళ ఇళ్ళు వెదురు తడికెల మీద మట్టి మెత్తినవి. ఏటా పండగకి ముందు గోడలు అలికి, ఎర్రమన్ను, తెల్లసుద్ద పట్టీలు దిద్దుతారు. ఈ పనిలో మేస్త్రీల కంటే వాళ్ళ చెయ్యే నాకు నమ్మకం. మొదటి రోజు నేను తొందరపడి, రెండంగుళాల గుంటని ఒకేసారి నింపేశాను. పెద్దమ్మ చూసి, "అట్ల నింపితే పైన ఆరుద్ది, లోపల పచ్చిగుంటది. ఆగు బాబూ, తొందరేంది" అంది. నేను వినలేదు. మూడో రోజుకి దాని చుట్టూ గుండ్రంగా నెర్రె పడింది, వేలితో లాగితే మొత్తం రొట్టెలా ఊడొచ్చింది. ఆమె నవ్వి, ఆ ఊడినదాన్నే నానబెట్టి మళ్ళీ వాడింది. మట్టిలో ఉన్న సుఖం ఇదే, తప్పు చేసినా సరుకు వృథా పోదు.

ఆమె చేసిన పద్ధతి ఇది:

1. గోడ మీద నీళ్ళు చిలకరించాలి. తడి మెరవాలి, కారకూడదు.
2. మట్టిని మజ్జిగలా పలచగా కలిపి గుడ్డతో గుంటలో పూయాలి. కొత్తమట్టి పాతగోడకి అంటుకునేది దీనివల్లే.
3. లోతు గుంటలో పాత పెంకు ముక్కలు, ఎండిన మట్టిబెడ్డ ముక్కలు మట్టిలో ముంచి గట్టిగా అదమాలి. తడిమట్టి ఎంత తక్కువ పడితే అంత తక్కువ పగులుతుంది.
4. పూత అరంగుళం మించకూడదు. మట్టిని విసిరి కొట్టి, తర్వాత అరచేత్తో అదమాలి. పైన వేళ్ళతో గీతలు పెట్టి వదిలేయాలి, తర్వాతి పూత పట్టుకోవడానికి.
5. బొటనవేలు నొక్కితే గుర్తు పడనప్పుడే రెండో పూత. ఎండాకాలంలో మాకు నాలుగైదు రోజులు పట్టింది.

గుంటలన్నీ పూడ్చాక గోడంతటికీ పావంగుళం పూత ఒకటి. ఆ తర్వాత సన్నని జల్లెడ పట్టిన మట్టి, సన్న ఇసుకతో చివరి పొర, చింతగింజ తొక్కంత మందం. సగం ఆరాక నున్నటి గులకరాయితో గుండ్రంగా రుద్దితే మెరుపొస్తుంది. పూర్తి మట్టసం కోసం చూడొద్దు. వంకరని పూర్తిగా పోగొట్టాలంటే ఎత్తుగా ఉన్న చోటుకి సమానంగా గోడంతా నింపాలి. అంటే మట్టి, కూలి, ఆరే రోజులు అన్నీ రెట్టింపు. చెయ్యి జారిస్తే తగలకుండా సాఫీగా పోతే చాలు.

ఆరో పని: సున్నం

సున్నపురాయిని 900 డిగ్రీల దగ్గర కాల్చితే పచ్చి సున్నం వస్తుంది. దాన్ని నీళ్ళలో వేస్తే ఉడుకుతుంది. గోడకి పూశాక గాలిలోని బొగ్గుపులుసు వాయువుని పీల్చుకుని మెల్లగా మళ్ళీ రాయిలా మారుతుంది. అందుకే సున్నం ఎంత పాతబడితే అంత గట్టిపడుతుంది, గాలి మాత్రం ఆడుతూనే ఉంటుంది. దాని క్షారగుణం వల్ల కొత్తలో బూజు కూడా దగ్గరికి రాదు, విత్తనాల గదికి ఇంకేం కావాలి?

నీళ్ళలోకి సున్నం వేయాలి, సున్నం మీద నీళ్ళు పోయకూడదు. ప్లాస్టిక్ బకెట్ వద్దు, ఇనప డ్రమ్ము గానీ సిమెంటు తొట్టి గానీ వాడండి. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. కంట్లో పడితే చాలాసేపు మంచినీళ్ళతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి పోవాలి. మేము పది రోజులు నాననిచ్చి, గుడ్డలో వడకట్టి, పాలలా పలచగా చేసి పూశాం. గోడ తడిపి, ఒక్కో పూతకి ఒక రోజు ఎడం ఇస్తూ నాలుగు పూతలు. మొదటి పూత వేశాక ఏమీ కనపడదు, కంగారుపడి చిక్కగా వేయకండి. చిక్కటి సున్నం పొట్టు పొట్టుగా రాలుతుంది. పలచటి నాలుగు పూతలు చిక్కటి రెండింటి కంటే ఎంతో మేలు. కొందరు గంజి కలుపుతారు, అంటుకుంటుందని. విత్తనాల గదికి గంజి వద్దు, బూజుకి అదే తిండి. కొంచెం తుమ్మబంక నానబెట్టి కలిపాం.

బయటి గోడకి వాన తగిలే చోట ఉత్త మట్టి నిలవదు. పాత కట్టడాల్లో సున్నం, ఇసుక, ఇటుక పొడి కలిపి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళతో గచ్చు చేసేవాళ్ళు. కరక్కాయ మన అడవిలోదే, గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో అదొకటి. ఆ పని నేను ఇంకా చేయలేదు, చేసినప్పుడు వీడియో పెడతాను.

మీది సిమెంటు గోడ అయితే

సిమెంటుతో కట్టిన ఇటుక గోడ, సిమెంటు పూత, కానీ ఎగుడుదిగుడుగా ఉంది. మొత్తం ఊడగొట్టొద్దు. డొల్ల శబ్దం వచ్చిన చోటే చతురస్రంగా కోసి తీసి, దుమ్ము కడిగి, తడిపి, ఒక పాలు సిమెంటు, ఆరు పాళ్ళు ఇసుకతో అరంగుళం లోపు పూయండి. వారం రోజులు తడపండి. పాత సున్నం, డిస్టెంపర్ గీకకుండా లప్పం పెడితే లప్పం దాన్ని పట్టుకుని ఊడొస్తుంది, ముందు గీకించండి. లప్పం గుంటలు నింపడానికి కాదు, గరుకు పోగొట్టడానికి. రెండు పలచటి పొరలు చాలు. మెరిసే రంగు వేస్తే ప్రతి వంకరా కనపడుతుంది, మెరుపులేని రంగు వేస్తే సగం దాగిపోతుంది. కిటికీ పక్కన, లైటు కింద ఉన్న గోడ మీద శ్రద్ధ పెట్టండి. బీరువా వెనక గోడకి ఖర్చు దండగ.

ఖర్చు

సిమెంటు తీసి మళ్ళీ సిమెంటు, లప్పం, రంగు అంటే గదికి ముప్పై ఎనిమిది వేలు అడిగారు. మాకు అయింది:

- సిమెంటు ఊడదీయడానికి ఇద్దరికి మూడు రోజులు: 4,200
- మట్టిపని ఇద్దరికి నాలుగు రోజులు: 4,000
- ఇసుక, తోలకంతో సహా: 1,500
- సున్నం: 700
- జల్లెడ, బ్రష్‌లు, తొడుగులు, అద్దాలు: 600

మొత్తం 11,000 రూపాయలు. మట్టి, గడ్డి, పేడ ఇంట్లోవే. రోజులు మాత్రం మేము సంక్రాంతి నుంచి మే నెల దాకా తీసుకున్నాం. మన చేతిలో డబ్బు తక్కువైతే దాని బదులు సమయం పెట్టాలి, అది ఎండాకాలంలోనే పెట్టాలి. ముసుర్లో ఈ పని మొదలుపెట్టొద్దు. మొదటిసారి వేయించిన సిమెంటు, లప్పం డబ్బు కూడా కలిపితే నా గోడ చవకది కాదని మీరు అంటే ఒప్పుకుంటాను.

ఇప్పుడు ఎలా ఉంది?

2025 జూన్‌లో వెనక గోడ వైపు సంచుల్లోంచి వంద గింజలు కట్టి చూస్తే 88 మొలిచాయి. ఇదంతా గోడ గొప్పే అనను. ఇప్పుడు సంచులన్నీ చెక్కల మీద, గోడకి జానెడు ఎడంగా పెడుతున్నాం, అమ్మే ముందు ప్రతి సంచినీ మొలక కట్టి చూస్తున్నాం. విత్తనంలో తేమ ఒక్క శాతం తగ్గితే అది నిలవుండే కాలం ఇంచుమించు రెట్టింపవుతుందని చదువుకున్నాం కదా. గోడ పొడిగా ఉండటం, సంచి దూరంగా ఉండటం, రెండూ కావాలి.

దమ్మపేట పెద్దాయన ఈ ఏడు విత్తనం కోసం వచ్చాడు. నేను కొలిచిచ్చేలోపు గదిలోకి పోయి, వెనక గోడ మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే నిలబడ్డాడు. "ఇంకా వంకరగానే ఉంది కదరా తమ్ముడూ" అన్నాడు. "వంకరే అన్నా, కానీ పొడిగా ఉంది" అన్నాను. పది కిలోలు అడగడానికి వచ్చినవాడు ఇరవై తీసుకెళ్ళాడు.

వానలు మొదలయ్యేలోపు ఒక్క పని చేయండి. మీ గింజల గది గోడ వెనక్కి వెళ్ళి, అక్కడ ఏం నాటారో, ఏ నీళ్ళు పోతున్నాయో చూసి రండి.